వాగులోంచి వెనక్కి తెచ్చిన బతుకమ్మ

మా చిన్నప్పుడు బంద్ అంటే మాకు వాగే... తార్నాకలో బస్సులు ఆగితే బడికి సెలవు. ఆరో తరగతి చదివే నేనూ సరితా యూనివర్సిటీ వెనక వాగులో మోకాళ్ల దాకా దిగిపోయేవాళ్లం.

తెలంగాణ ఉద్యమం రోజులవి. రోడ్డు మీద నినాదాలు, అప్పుడప్పుడూ టియర్ గ్యాస్... ఇవతల తుంగగడ్డి మధ్య చున్నీతో చేపపిల్లల వేట మాది. ఎండాకాలం ఆ వాగు రాళ్ల నడుమ సన్నటి పాయగా మిగిలేది. వానలు పడితే కల్వర్టు కింద హోరెత్తేది. పోయి పోయి మూసీలో కలుస్తుందని నాన్న చెప్పేవారు.

మాది భీమవరం. నాన్న బ్యాంకు ఉద్యోగం కోసం వచ్చాం. సరిత వాళ్లది నల్గొండ వైపు పల్లె, వాళ్ల నాన్న హాస్టల్ మెస్‌లో వంట చేసేవారు.

ఆ ఏడు పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మకు సరిత నన్ను పిలిచింది. "అసలే గొడవల రోజులు. ఏమీ మాట్లాడకుండా నిలబడి వచ్చెయ్యి" అని అమ్మ మరీ మరీ చెప్పింది.

మాట్లాడలేదు... అంతకంటే పెద్ద పనే చేశాను!

వాగు ఒడ్డున పాటలు ఎంతకీ అవకపోతే నేను దిగువన కల్వర్టు దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. కాసేపటికి సరిత పొద్దున్నుంచీ పూలతో పేర్చిన బతుకమ్మ నీళ్లలో తేలుతూ వచ్చింది. చివర్లో నీళ్లలో వదులుతారని నాకేం తెలుసు? చేజారిందనుకున్నాను. గబగబా దిగి పట్టుకుని, "దొరికింది సరితా!" అంటూ మోసుకెళ్లాను.

"ఆంధ్రోళ్ల పిల్లనా? గిదేం పని?" అందొకావిడ. సరిత నా వైపు చూడనే లేదు. ఇక నాతో ఆడదేమోనని ఏడుపొచ్చేసింది.

సరిత వాళ్ల నానమ్మ నా దగ్గరికొచ్చింది. "ఏంది బిడ్డా, సాగనంపిన ఆడపిల్లను మళ్ల తోల్కొచ్చినవ్?"

"కొట్టుకుపోతోందనుకున్నా నానమ్మా..."

"అందుకే ఉరికినవా? మంచిగనే చేసినవ్ తియ్యి. రా, నువ్వే సాగనంపు."

సరిత చేతి పక్కనే నా చెయ్యి పెట్టించింది. ఇద్దరం వంగి నీళ్లలో వదిలాం. ఇందాక గొణిగిన ఆవిడే నా దోసిట్లో ఇంత మలీద పెట్టింది. బెల్లం, రొట్టె కలిపిన ఆ ముద్ద రుచి నాకింకా గుర్తే.

ఇప్పుడు ఆ వాగు సగం మురుగు, సగం స్లాబు కింద. సరిత వాళ్ల కాలనీలో బతుకమ్మలను సిమెంటు తొట్లో వదులుతున్నారు. మొన్న ఫోన్లో చెప్పింది... "అమ్మా, ఇందుల ఏస్తే బతుకమ్మ ఎటు పోతది?" అని వాళ్ల పాప అడిగిందట.

మీ వైపు ఇంకా పారుతున్న వాగేదైనా ఉంటే చెప్పండి... పాపకు చూపించాలి.