ఎత్తి చూడని నాలుగో మూల

నేను రిటైరవడానికి ముందు ఏడాది, తింజాన్ నీళ్ల పండుగకి ఇంకా నెల ఉందనగా, యాంగోన్‌లోని చిమిండైంగ్ పేటలో ఒక మేడగది కార్పెట్ తీసేసి టేకు నేల వేసే పని మా కంపెనీకి వచ్చింది. తనిఖీకి నన్ను పంపారు. అప్పటికి నా హోదా సీనియర్ ఇన్‌స్పెక్టర్. ఆ ఊళ్లో చెక్కనేలలు వేసే కంపెనీల్లో అది చిన్న హోదా కాదు. వడ్రంగులు పని చేస్తారు, ఫోర్‌మన్ చేయిస్తాడు, ఇన్‌స్పెక్టర్ సంతకం పడందే ఎవరూ సుత్తి ఎత్తకూడదు. బర్మా వడ్రంగులు నన్ను ‘సయా’ అనేవాళ్లు, అంటే గురువుగారని. ఆ పిలుపు నాకు కాస్త ఎక్కువగానే నచ్చేది.

కార్పెట్లంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. టేకు పుట్టిన దేశంలో, తాతలనాటి టేకు బల్లల మీద, బ్యాంకాక్ నుంచి తెప్పించిన కార్పెట్ జిగురు పెట్టి అంటించడం ఒకప్పుడు కలిగినవాళ్ల ముచ్చట. పట్టుచీర మీద గోనెపట్టా కప్పుకున్నట్టు! ఏడాదిలో అయిదు నెలలు వాన కురిసే ఊళ్లో ఆ గోనెపట్టా ఎంత నీరు తాగుతుందో, ఎంత బూజు పడుతుందో అడగక్కర్లేదు. నా ఆఖరి పదేళ్ల ఉద్యోగంలో సగం పనులు ఇలాంటి ముచ్చట్లు ఊడబెరకడమే.

ఆ ఇల్లు మహలచ్చమ్మగారిది. వీధిలో ఆవిడ బర్మా పేరు డా మ్యా. పజుండౌంగ్ పేటలో ఉన్న మా కుటుంబంలాగే వాళ్లూ విశాఖ తీరం నుంచి రేవు పనికి వచ్చినవాళ్ల సంతతి. ఇల్లు కింద ఇటుక, పైన కర్ర. భర్త పోలయ్యగారు రేవు వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి దిగిపోయిన మనిషి. నాలుగేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడివైపు చచ్చుబడింది, మాట పడిపోయింది. కింద గదిలో మంచం మీదే ఉండేవారు. కూతురు సుందరి బడిలో టీచరు. ఆమెకి ఆయాసం. కార్పెట్ బూజువల్లే ఆయాసం పెరుగుతోందని డాక్టరు చెప్పాక ఈ పనికి పూనుకున్నారు.

కార్పెట్ ఉన్న మేడగదిని తనిఖీ చేయడానికి మాకొక పద్ధతి ఉంది. నాలుగు మూలలా, నడిమధ్యనా కార్పెట్ కోసి ఎత్తాలి. కింది నురగపొర తీసి బల్లల మీద కొయ్యసుత్తితో తట్టాలి. గట్టి బల్ల ఠంగుమంటుంది, చెద తిన్నది డొల్లగా పలుకుతుంది. తరవాత తేమమీటరు ముళ్లు బల్లలోకి గుచ్చి అంకె చూడాలి. ఆ అయిదు చోట్ల ఫలితమూ ఫారంలో అయిదు గళ్లలో రాయాలి. ఫారం అడుగున ఇంకో ప్రశ్న ఉంటుంది: పని జరిగే రోజుల్లో కింద గది ఖాళీ చేయించాలా, అక్కర్లేదా? నేల మీద ఏమాత్రం అనుమానం ఉన్నా ఖాళీ చేయించాలి. అది మా కంపెనీలో తిరుగులేని నియమం. రాయించినవాణ్ణి నేనే.

మూడు మూలలూ, నడిమధ్యా ఎత్తి చూశాను. భేషైన బల్లలు. నాలుగో మూల, తూర్పువైపు, దేవుడి బీరువా ఉంది. పైఅరలో బుద్ధుడు, కిందిఅరలో సింహాద్రప్పన్న పటం, ఇత్తడి లక్ష్మీదేవి. ముందు వరసగా నీళ్లగిన్నెలు, రెండు కూజాల్లో పూలు. ఈ ఊళ్లో మనవాళ్లిళ్లలో ఇద్దరు దేవుళ్లూ ఒకే గూట్లో ఉండటం మామూలే. మహలచ్చమ్మగారు రోజూ తెల్లారగట్ల బుద్ధుడి గిన్నెల్లో నీళ్లు మార్చి, లక్ష్మీదేవికి పసుపునీళ్లతో స్నానం చేయించేవారు.

కొయ్యసుత్తి పట్టుకుని ఆ బీరువా ముందు నిలబడ్డాను. ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. దేవుడి మూల కదా, జరపమంటే ఏమనుకుంటారో, శుద్ధి లెక్కలేవో ఉంటాయి, పని మొదలయ్యే రోజున వాళ్లే మంచి గడియ చూసుకుని తీస్తారులే అనుకున్నాను. దండం పెట్టుకుని వెనక్కి తిరిగాను. వెళ్లబోతుంటే ఆవిడ ఒకే మాట అడిగారు.

“అంతేనేటి బావూ, అయిపోనాదా సూడ్డం?”

అయిపోయిందమ్మా అన్నాను. మెట్లు దిగుతూ ఫారం పూర్తి చేశాను. నాలుగో గడి ఖాళీగా వదిలితే ఆఫీసులో గుమాస్తా వెనక్కి పంపుతాడు. మూడు మూలలు బాగున్న గదిలో నాలుగోది ఎందుకు బాగుండదు? ‘బాగుంది’ అని రాశాను. కింద గది ఖాళీ చేయించడం ‘అక్కర్లేదు’ అని రాసి సంతకం పెట్టాను.

కొత్త టేకు రాగానే బిగించకూడదు. బిగించే గదిలోనే పది రోజులు పేర్చి ఉంచి, ఆ గది గాలి పట్టించాలి. లేకపోతే వానల్లో ఉబ్బి లేస్తుంది. ఎనిమిది మంది మోసిన బల్లలు మేడమీద పేర్పించాను. పడమర కిటికీ దగ్గర ఎండ తగులుతుంది, ఉత్తరాన తలుపు అడ్డం. అందుకని తూర్పుగోడ వారగా, దేవుడి బీరువాకి బారెడు దూరంలో పెట్టించాను. సరిగ్గా దాని కింద గదిలోనే పోలయ్యగారి మంచం ఉంది. ఆ పది రోజులూ నేను ఇంటి దగ్గర హాయిగా నిద్రపోయాను.

పని మొదలైన రోజు పొద్దున మహలచ్చమ్మగారు స్నానం చేసి, తడిజుట్టు ముడేసుకుని, పళ్లెం పట్టుకుని పైకి వచ్చారు. మంచి గడియ లేదు, పంతులు లేడు. దేవుళ్లని ఒక్కొక్కరినే పళ్లెంలో పెట్టి పక్కగదిలోకి చేర్చారు. కాఫీ తాగినంతసేపు పట్టలేదు. తరవాత నలుగురు వడ్రంగులు బీరువాని ఎత్తి బయట పెట్టారు. అంత తేలిగ్గా అయిపోతుందని నేననుకోలేదు.

కార్పెట్ తీయడం పడమర నుంచి మొదలుపెట్టాం. వెనకనుంచి కత్తితో పట్టీలుగా కోసి చుట్టేయడం పద్ధతి. తూర్పుమూలకి వచ్చేసరికి కో తూన్ అనే వడ్రంగి ఆగిపోయాడు. ఇరవయ్యేళ్లుగా నా దగ్గరే పనిచేస్తున్న మనిషి. కార్పెట్ బరువుగా ఉంది సయా, తడిగా ఉంది అన్నాడు. లాగమన్నాను. వాడు ఒక అడుగు ముందుకేసి లాగాడు.

చప్పుడు పెద్దగా లేదు. అప్పడం విరిగినట్టు పుటుక్కుమంది, అంతే. కో తూన్ తొడదాకా నేలలోకి దిగిపోయాడు. వాడి చుట్టూ బల్లలు లేవు. నల్లటి మన్ను, చెదపుట్ట, కుళ్లిన పూలవాసన. ఇద్దరు వాణ్ణి చంకల కింద పట్టుకుని లాగుతున్నారు. కింద ఏదో ధబ్బున పడింది. ఆ కింద ఎవరున్నారో అప్పుడు గుర్తొచ్చింది. ఓరి దేవుడో అని అరిచానట. నాకు గుర్తులేదు, తరవాత వాళ్లు చెప్పారు.

మెట్లు ఎలా దిగానో తెలియదు. పోలయ్యగారు మంచం మీద వెల్లకిలా ఉన్నారు. సీలింగు ప్లైవుడ్ చీలి ఆయన మీదికి వేలాడుతోంది. మోచేయంత దూలంముక్క దిండు మీద, చెవికి జానెడు దూరంలో పడి ఉంది. ముఖమంతా చెదమన్ను. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. ఎడమచెయ్యి గాల్లోకి లేచి ఆడుతోంది. నోరు తెరిచారు, అందులోంచి ఏ శబ్దమూ రావడం లేదు. చావు మీద పడుతున్నా ఆ మనిషి కేకైనా వెయ్యలేడన్న సంగతి ఫారం రాసేటప్పుడు నా బుర్రకి తట్టనే లేదు.

మంచంతో సహా ఆయన్ని వరండాలోకి మోశాం. కో తూన్‌ని కుట్లు వేయించడానికి పంపాను. పై పేర్పుని బల్ల తరవాత బల్లగా దింపించాను, కూలీలని గోడవారగా నడవమని చెప్పి. సీలింగు పూర్తిగా విప్పాక చూశాను. మూడు దూలాల కొనలు గోడ దగ్గర లేనే లేవు. దేవుళ్ల దగ్గర రోజూ ఒలికిన నీళ్లు కార్పెట్ తాగింది, కార్పెట్ తడి బల్లలకిచ్చింది, తడికి చెద వచ్చింది. కార్పెట్ జిగురూ, అడుగున ప్లైవుడ్డూ కలిసి ఆ మూలని పట్టుకుని ఉన్నాయి. పది రాత్రులు, ఎనిమిది మంది మోసిన టేకు ఆ పక్కనే పెట్టి, దాని కింద ఆ మనిషిని పడుకోబెట్టాను! ఇంతకంటే ఘోరం నా ఉద్యోగంలో నేను చూడలేదు. చేసింది నేనే.

సుందరి నా ఫారం కాపీ తెచ్చి నా ముందు పెట్టింది. కోపంతో ఊపిరాడటం లేదామెకి.

“నాన్ననీ మంచాన్నీ పక్కింటికి మార్చుదామని నేనన్నాను అంకుల్. అక్కర్లేదని మీరే కదేటి రాసిచ్చారు! ఈ మూల ఎత్తి సూసారా, నేదా?”

చూడలేదన్నాను. దేవుడి మూల కదా, అమ్మగారు ఏమనుకుంటారోనని అడగలేదన్నాను. మహలచ్చమ్మగారు భర్త ముఖం తడిగుడ్డతో తుడుస్తున్నారు. చెయ్యి ఆపి నా వైపు తిరిగారు.

“ఓలమ్మ! నానేటనుకుంటాను బావూ? ఏటేటా తింజాన్‌కి ముందు దేవుళ్లని నానే దించి కడుగుతాను గదా. ఆ బీరువా ఒక్కటే నా వల్ల అవదు. నువ్వొచ్చిన్నాడు జరిపిత్తావేమోనని గుమ్మంలో ఎదురు సూత్తన్నాను. పెద్ద మేస్త్రివి, నీకు తెలీదేటి, అక్కర్నేక జరపనేదులే అని నోరు మూసుకున్నాను.”

ఆవిడ నన్ను గౌరవించి అడగలేదు. నేను ఆవిణ్ణి గౌరవించి అడగలేదు. మా మర్యాదలు మేం కాపాడుకున్నాం, మధ్యన పోలయ్యగారు పడుకున్నారు. నాకు సిగ్గుతో తలెత్తబుద్ధి కాలేదు.

ఆఫీసులో యజమాని నన్ను కూర్చోబెట్టి సలహా ఇచ్చాడు. రిపోర్టులో ‘దాగి ఉన్న లోపం’ అని రాయమన్నాడు. మా వృత్తిలో అది చెల్లే మాటే. కార్పెట్ కింద ఉన్నది పైనుంచి ఎలా కనబడుతుంది? కాని దాగి ఉన్నది కనిపెట్టడానికే కదా ఇన్‌స్పెక్టరు. ‘నాలుగో మూల తనిఖీ చేయలేదు, చేసినట్టు రాశాను’ అని నా చేత్తో రాసి ఇచ్చాను. సంతకం పెట్టే అధికారం నెలలోపే నా దగ్గరినుంచి తీసేశారు. మిగిలిన కొద్ది నెలలూ నేను పని నేర్పినవాడు తనిఖీ చేస్తే, నేను ఫోర్‌మన్‌గా ఆ పని చేయించాను. అన్యాయమని అనలేను.

ఆ ఇంటి పని మాత్రం నేనే పూర్తి చేయించాను. మూడు దూలాలూ పింకాడోతో మార్చాం. ఇనుములాంటి కర్ర అది, మేకు దిగాలంటే ముందు బెజ్జం వేయాలి. గోడలో కూర్చునే కొనలకి తారు పూసి, గాలి ఆడేలా సందు వదిలాం. దాని మీద టేకు. దేవుడి బీరువా కింద సత్తుపళ్లెం బిగించి, నీరు ఒలికితే బయటికి పోయేలా సన్నని గొట్టం పెట్టాం. మూల మూలా నేనే తట్టి చూశాను. ఆ నేల మీద ఏనుగుని నిలబెట్టినా చెక్కుచెదరదు.

పండుగకి రెండు రోజుల ముందు పోలయ్యగారి మంచాన్ని వరండాలోంచి లోపలికి తేబోయాం. గుమ్మం దాటగానే ఆయన ఎడమచేత్తో ద్వారబంధం పట్టుకున్నారు. విడిపించబోతే గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది. నాలుగేళ్లలో ఆయన గొంతు వినడం అదే మొదలని సుందరి ఏడ్చింది. నేను పైకి వెళ్లి, ఆ మూలలోనే నిలబడి, ఆయనకి వినబడేలా గట్టిగా గెంతాను. దిగి వచ్చి, చూశారా పెదనాన్నా, దుమ్ము కూడా రాల్లేదు అన్నాను. ఆయన సీలింగు వైపు చూసి కళ్లు గట్టిగా మూసుకున్నారు. ద్వారబంధం మాత్రం వదల్లేదు.

మంచం వరండాలోనే వేశారు. వానలు మొదలయ్యాక చుట్టూ టార్పాలిన్ కట్టాను. ఆయన రెండేళ్ల తరవాత పోయారు. అప్పటిదాకా ఆ ఇంట్లో ఏ గదిలోకీ రాలేదు. నేల బాగుచేయడం నా పని, చేశాను. ఇన్‌స్పెక్టర్ సంతకం నేల గురించి అనుకునేవాణ్ణి. అది దాని కింద పడుకునే మనిషి గురించి.