పెద్దకోడలి పది ఆటలు

ఆ ఇంట్లో ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఎవరైనా తలుపు కొడితే తీసే దిక్కుండదు. హాల్లో అయిదుగురు అయిదు ఫోన్లు పట్టుకుని కూర్చుని ఉంటారు. ఆరో మనిషి అత్తగారు. ఆవిడ వంటింట్లోంచే, "అందరూ యుద్ధంలో ఉన్నారు, పదకొండు దాటాక రండి," అని కేక వేస్తుంది. తెలిసినవాళ్ళయితే నవ్వుకుంటూ వెళ్ళిపోతారు. కొత్తవాళ్ళయితే లోపలి నుంచి "నేను చచ్చాను", "నేనూ చచ్చాను", "నన్ను చంపిందెవరు" అనే మాటలు వినబడి, రెండు మెట్లు కిందికి దిగి నిలబడతారు.

ఆట సంగతి తెలియనివాళ్ళకి చెప్పాలంటే పెద్ద చిక్కేమీ లేదు. ఇటు అయిదుగురు, అటు అయిదుగురు. ఇటొక కోట, అటొక కోట. అవతలి కోట ముందు పడగొట్టినవాళ్ళది గెలుపు. మనిషి చస్తే కొంతసేపటికి తన కోటలో మళ్ళీ లేస్తాడు. ఆట ముదిరేకొద్దీ ఆ కొంతసేపు పెరుగుతూ పోతుంది. ఆ ఇంటి టీములో ముందు నిలబడి దెబ్బలు కాసే డాలు మామగారిది. ముప్ఫై నాలుగేళ్ళు లేతు మిషను మీద పనిచేసి రిటైరైన మనిషి. ఆయన బొటనవేళ్ళు ఎంత వెడల్పంటే, ఫోను మీద బొత్తాలన్నీ పెద్దవి చేసి పెడితే తప్ప ఒకటి నొక్కబోయి మూడు నొక్కేవారు. సిటీ బస్సు నడిపే పెద్దకొడుకు విలుకాడు. లిఫ్టులు బాగుచేసే చిన్నకొడుకు వేటగాడు, టీముకి కెప్టెన్ కూడా అతనే. ఫోటోలు ప్రింటు వేసే షాపులో పనిచేసే చిన్నకోడలు మంత్రగత్తె. దూరం నుంచి నిప్పులు కురిపించి కోట గోడలు కూల్చే శక్తి ఒక్క ఆమెకే ఉంది, కాకపోతే గట్టిగా ఊదితే పడిపోతుంది. ఇక పెద్దకోడలు, మన కథ ఎవరిదో ఆమె, అందరి గాయాలూ మాన్పే వైద్యురాలు.

బయట కూడా ఆమె పని అదే. పెద్దాసుపత్రి ఎమర్జెన్సీ వార్డు గుమ్మం దగ్గర నిలబడే సీనియర్ నర్సు. వచ్చినవాళ్ళని ఒక్క చూపు చూసి, నాడి పట్టుకుని, చేతికి ఎర్ర పట్టీయో పసుపు పట్టీయో ఆకుపచ్చ పట్టీయో కట్టి, ఎవరు ముందు లోపలికి వెళ్ళాలో తేల్చేది ఆమే. పందొమ్మిదేళ్ళుగా అదే గుమ్మం. అరుస్తున్న మనిషిని చూసి ఆమె కంగారు పడదు. అరవడానికి ఊపిరి ఉంటే కాసేపు ఆగగలడని లెక్క. గోడకి ఆనుకుని చప్పుడు చేయకుండా కూర్చున్నవాళ్ళ దగ్గరికే ముందు వెళుతుంది. కొత్తగా చేరిన నర్సులకి ఇది నేర్చుకోవడానికి ఆర్నెల్లు పడుతుంది.

రెండేళ్ళ కింద టీములో అయిదో మనిషి తక్కువైతే మరిది ఆమె చేతిలో ఫోను పెట్టి, "ఊరికే నిలబడు వదినా, మిగతాది మేం చూసుకుంటాం," అన్నాడు. అలా ఆటలో నిలబడ్డ మనిషి కుర్చీలోంచి మళ్ళీ లేవలేదు. రోజంతా నిలబడే ఉద్యోగం, ఇంటికొస్తే ఇంట్లో నిలబడే పని. ఆదివారం ఆ రెండు గంటలే ఆమె కుర్చీలో కూర్చునేది. ఇంటిల్లిపాదీ పక్కపక్కనే కూర్చుని, "వదినా ఎక్కడున్నావ్", "అక్కా ఇటు రా" అని ఆమె కోసం వెతికేది కూడా అప్పుడే. తువ్వాలు కనబడక పిలిచే పిలుపు వేరు, ఈ పిలుపు వేరు. ఆ తేడా ఆమె ఎవరికీ చెప్పలేదు.

కిందటి సీజను దారుణంగా పోయింది. వెండి మెట్టు మీదే మొదలెట్టి వెండి మెట్టు మీదే ముగించారు. కొత్త సీజను ఇంకో మూడు వారాలుందనగా మరిది టీ కప్పు తిప్పుతూ అసలు విషయం బయటపెట్టాడు.

"వదినా, తప్పుగా అనుకోకు. మొదటి పది ఆటలతోనే ర్యాంకు ఖాయం చేస్తారు. ఏడు గెలిస్తే బంగారం. ఈసారీ రాలేదనుకో, మా ఆఫీసులో ఒకాయన వైద్యం బాగా చేస్తాడు. అడుగుతున్నాడు పాపం."

"పాపం ఆయనకెందుకు, ఓడిపోతున్నది మనం కదా," అంది అత్తగారు.

పెద్దకోడలు ఖాళీ కప్పులు తీసుకుంటూ, "సరే. పది ఆటలేగా," అంది. గొంతులో ఏ మార్పూ లేదు. వంటింట్లోకి వెళ్ళాక మాత్రం కడిగిన కప్పునే మళ్ళీ కడిగింది.

ఆ మర్నాటి నుంచి ఆమె సాధన మొదలైంది. పొద్దున్నే అరగంట ముందు లేచి, శత్రువులు లేని ఖాళీ మైదానంలో వేలు కదలిక ఒక్కటే పట్టుకుని వందసార్లు చేసేది. పెద్ద వైద్యం ఒకసారి వాడితే మళ్ళీ తొంభై సెకన్ల దాకా చేతికి రాదు. ఆ తొంభై చూడకుండానే తెలియాలని చపాతీ పెనం మీద వేసి మనసులో లెక్కపెట్టుకునేది. ఫోను వెనకాల రబ్బరు తొడుగు వేయించింది. ఇంటర్నెట్ డబ్బాని బీరువా పక్కనుంచి హాల్లోకి మార్పించింది. రెండు ఆటలు వరసగా ఓడితే పావుగంట ఆపి, లేచి నీళ్ళు తాగాలని అందరినీ ఒప్పించింది. ఒప్పుకోని మొగుడికి, "బస్సు బ్రేకు పడనప్పుడు కూడా ఇలాగే తోలతావా," అని ఒక్క మాటతో నోరు మూయించింది.

ఇంత చేసినా అసలు రోగం ఇది కాదని ఆమెకి లోపల అనిపిస్తూనే ఉంది. అందుకని ఆసుపత్రికి వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఓడిపోయిన పాత ఆటల వీడియోలు పెట్టుకుని చూడసాగింది. గెలిచినవి ఒక్కటి కూడా ముట్టుకోలేదు. ఓడినవి పద్నాలుగు. తొమ్మిదో వీడియో దగ్గర ఆమె చెయ్యి ఆగింది. వెనక్కి జరిపి మళ్ళీ చూసింది. తర్వాత మొదటి నుంచి అన్నీ మళ్ళీ చూసింది. దిగాల్సిన స్టాపు దాటిపోయి, రెండు స్టాపులు వెనక్కి నడిచింది.

పద్నాలుగింటిలో పదకొండు ఆటల్లో ఆమె పెద్ద వైద్యం మామగారికే వెళ్ళింది. చుట్టూ నలుగురు చేరి పొడుస్తుంటే, ఇక బతికే దారి లేని మనిషికి పోసిన ప్రాణం అది. మూడు సెకన్లు ఎక్కువ నిలిచి ఆయన ఎలాగూ పడిపోయేవారు. ఆ తొంభై సెకన్లలో ఇవతల చిన్నకోడలు నోరు మెదపకుండా చచ్చిపోయేది. ఆ పిల్ల ఆటలోనూ అంతే, ఇంట్లోనూ అంతే. కావాలని ఎప్పుడూ అడగదు.

పెద్దకోడలికి నవ్వూ వచ్చింది, తల కొట్టేసినట్టూ అయింది. పందొమ్మిదేళ్ళు గుమ్మంలో నిలబడి అరిచేవాళ్ళని ఆపి, చప్పుడు లేనివాళ్ళని లోపలికి పంపిన మనిషి తను. ఇంట్లోకి అడుగు పెట్టగానే ఆ విద్య చెప్పులతో పాటు బయటే వదిలేస్తోంది. టీ అయితే ముందు మామగారికి, పేపరైతే ముందు మామగారికి. ఆఖరికి ఆటలో ప్రాణం కూడా ముందు మామగారికే. ఆయన "అమ్మాయ్" అంటే చాలు, బొటనవేలు దానంతటది కదిలిపోతోంది.

తెలుసుకోవడం వేరు, మానుకోవడం వేరు. కొత్త సీజను మొదటి ఆదివారం అయిదు ఆటలాడారు. మూడు గెలిచారు, రెండు పోయాయి. ఆ రెండిట్లోనూ ఆఖరి నిమిషంలో ఆయన పిలిచారు, ఆమె వెళ్ళింది. సాయంత్రం మెట్ల మీద మరిది ఫోనులో, "వచ్చే వారం తర్వాత ఖాళీగానే ఉంటారా సార్," అని అడుగుతుంటే ఆమె చెవిన పడింది.

బుధవారం ఆమెకి సెలవు. మామగారు వంటింటి కుళాయికి వాషరు మారుస్తున్నారు. పక్కనే నిలబడి స్పానరు అందిస్తూ, నోట్లో మాట నోట్లోనే తిప్పుతూ, చివరికి అనేసింది.

"మామయ్యా, ఒక మాట. ఆదివారం మీరు నలుగురి మధ్య చిక్కుకుంటే నేను రాను."

"ఎక్కడికి?"

"మీకు వైద్యం చేయడానికి."

ఆయన కుళాయి తిప్పడం ఆపారు. "అంటే నన్ను వదిలేస్తావన్నమాట."

"మిమ్మల్ని కాదు. ఆ డాలు పట్టుకున్న మనిషిని."

"ఆ మనిషిని నేనేగా అమ్మాయ్."

అయినా వదల్లేదు. "నలుగురు మీ మీద పడ్డారంటే అక్కడ కోట దగ్గర ఒక్కడే మిగిలాడనేగా. అప్పుడు చెల్లి బతికుంటే చాలు, కోట కూలుతుంది. మీరు నలభై సెకన్లలో లేస్తారు. అది పోతే ఆటే పోతుంది."

"ఆసుపత్రిలో కూడా ఇంతేనా నువ్వు?"

"అక్కడ ఇంకా కఠినం. ఎవరి మామగారని అడిగి పట్టీ కట్టను."

ఆయన స్పానరు తీసుకుని మళ్ళీ పనిలో పడ్డారు. కుళాయి కారడం ఆగింది గానీ, ఆయన మాట కూడా దానితో పాటే ఆగిపోయింది. మూడు రోజులు కోడలితో నేరుగా పలకలేదు. ఎదురుగా ఆమె నిలబడి ఉంటే, "పేపరు వచ్చిందేమో కనుక్కో," అని భార్యకి చెప్పేవారు.

అత్తగారు ఊరుకుంటుందా. "బతికించనందని అలగడానికి ముందు చచ్చుండాలి కదండీ. మీరు శుభ్రంగా తిని తిరుగుతున్నారు," అంది.

"నీకు ఆట తెలియదు."

"తెలియదు. ముప్ఫై నాలుగేళ్ళు ఇనుము తిప్పిన మనిషి ఫోనులో డాలు పోయిందని మొహం ముడుచుకున్నాడని మాత్రం తెలుసు."

రెండో ఆదివారం వచ్చింది. మొదటి నాలుగు ఆటల్లో మూడు గెలిచారు. మొత్తం ఆరు గెలుపులు, మూడు ఓటములు. మిగిలింది పదో ఆట. మరిది చేతులు చొక్కాకి తుడుచుకుని, "ఇదొక్కటే," అన్నాడు. పెద్దకోడలు వాచీ చూసుకుంది. పన్నెండింటికి డ్యూటీ. మామగారు దిండు ఒళ్ళో సర్దుకుని, దాని మీద ఫోను పెట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా కూర్చున్నారు.

ఇరవై రెండు నిమిషాలు ఎవరూ తగ్గలేదు. ఇరవై మూడో నిమిషంలో మామగారు డాలు పట్టుకుని అవతలి కోట పక్క దారిలోకి దూసుకుపోయారు. అనుకున్నట్టే నలుగురు ఆయన్ని చుట్టుముట్టారు.

"అమ్మాయ్," అన్నారు ఆయన. మూడు రోజుల తర్వాత అదే మొదటి మాట. అనకూడదనే అనుకుని ఉంటారు, అలవాటు పడ్డ నోటిని ఆపలేకపోయారు. "అమ్మాయ్, వైద్యం."

ఆమె బొటనవేలు ఆయన వైపే కదిలింది. సగంలో ఆపింది. స్క్రీను అటు జరిపి చూస్తే, కోట ముందు చిన్నకోడలి ప్రాణం దారపు పోగంత మిగిలి ఉంది. చిన్నకోడలు ఏమీ అనడం లేదు. పెదవి కొరుక్కుంటూ నిప్పులు వేస్తూనే ఉంది. ఆ కొరుక్కుంటున్న పెదవిని చూసి పెద్దకోడలు పళ్ళు బిగించి నొక్కింది. ప్రాణం అంతా చిన్నకోడలికి వెళ్ళింది.

మామగారు పడిపోయారు. ఆయన స్క్రీను బూడిద రంగుకి తిరిగింది. చచ్చినవాళ్ళకి మళ్ళీ లేచేదాకా టీములో ఒకరు చూస్తున్నదంతా కనబడుతుంది. ఆ నలభై సెకన్లూ ఆయన స్క్రీను మీద కోడలు చూస్తున్న యుద్ధం కనబడింది. రెండేళ్ళుగా ఎన్నోసార్లు చచ్చారు గానీ, ప్రతిసారీ విసుగుతో ఫోను బోర్లా పెట్టి టీ అందుకునేవారు. ఈసారి కోపం కొద్దీ, ఏం ఊడబొడుస్తుందో చూద్దామని కళ్ళప్పగించి చూశారు.

ఆమె స్క్రీను ఒక్క చోట నిలవడం లేదు. మొగుడి దగ్గరికి వెళుతుంది, మరిది దగ్గరికి వెళుతుంది, చిన్నకోడలి దగ్గరికి తిరిగొస్తుంది. మధ్యలో ఎవరికీ కనబడని చిన్న చిన్న వైద్యాలు, ఇక్కడ ఇంత, అక్కడ ఇంత. ఎవరికి ఎంత మిగిలిందో, ఎవరు ఎన్ని సెకన్లు ఆగగలరో ఆ తిరుగుడులో తెలిసిపోతోంది. తను ముందు నిలబడి టీముని కాస్తున్నానని ఆయన అనుకున్న రెండేళ్ళూ, వెనక ఇది జరుగుతూనే ఉంది.

"ఎడమ పక్క పొదలో ఒకడున్నాడు," అన్నారు ఆయన మెల్లగా. "చిన్నపిల్ల వైపే వస్తున్నాడు."

"చూశాను మామయ్యా," అని ఆమె అనలేదు, ఎందుకంటే చూడలేదు. "చెల్లీ, కుడికి," అంది. చిన్నకోడలు కుడికి జరిగింది. బాణం గాల్లో పోయింది. మరిది వెనక నుంచి వచ్చి ఆ పొదలో మనిషి పని పట్టాడు. చిన్నకోడలు ఇంకో నాలుగు నిప్పులు వేసింది. మామగారు లేవడానికి ఆరు సెకన్లుందనగా కోట కూలింది.

స్క్రీన్ల మీద బంగారు మెట్టు వెలుగుతోంది. పెద్దకొడుకు లేచి ఒళ్ళు విరుచుకున్నాడు. చిన్నకోడలు వచ్చి పెద్దకోడలి భుజానికి తల ఆనించింది, అంతే. అత్తగారు గుమ్మంలోంచి తొంగి చూసి, "ఎవరు చచ్చారు," అని అడిగింది.

"నేనొక్కణ్ణే," అన్నారు మామగారు. ఆ మాట అన్న తీరులో కొంచెం గొప్ప కూడా ఉంది. తర్వాత కోడలి వైపు తిరిగి, "ఎప్పుడూ ఇలాగే అన్ని చోట్లా తిరుగుతుంటావా అమ్మాయ్," అని అడిగారు.

"తిరగాలి కదా మామయ్యా."

"నాకు తెలియదు," అన్నారు ఆయన. అది పెద్దమనిషి నోట్లోంచి రావడానికి ఎంత బరువైన మాటో కోడలికి తెలుసు. అందుకే ఇంకేమీ పొడిగించకుండా లేచి వెళ్ళి యూనిఫాం వేసుకుంది.

గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని బూట్లు వేసుకుంటుంటే, బయట మెట్ల మీద మరిది ఫోనులో మాట్లాడుతున్నాడు.

"లేదు సార్, ఖాళీ లేదు... ఈ సీజను కాదు సార్, అసలే లేదు... మా వదిన చేస్తుంది... ఆవిడ ర్యాంకా? బంగారం." అవతలాయన ఇంకేదో అడిగినట్టున్నాడు. "అబ్బే, నేను నేర్పలేదు సార్. ఆవిడే మాకు నేర్పుతోంది."

పెద్దకోడలికి ఒక బూటు లేసు కట్టడం అప్పటికే అయిపోయింది. రెండో దానికి మాత్రం, బస్సుకి టైమవుతున్నా, కాస్త ఎక్కువసేపే తీసుకుంది.