తెప్ప మీద నిలబడ్డ ఆదివారాలు

భర్త పోయాక ఆయన ఉద్యోగం నాకిచ్చారు. అలా తొంభైల్లో గోదావరి ఒడ్డు నుంచి వచ్చి హైదరాబాదు పాతబస్తీలో, శాలిబండలో పడ్డాను. మేడ మీద ఒంటి గది, పైన రేకులు. వారమంతా ఆఫీసులో టైపు మిషను ముందు తల వంచుకుని కూర్చునేదాన్ని. శనివారం సాయంత్రం తలుపు వేసుకున్నానంటే సోమవారం దాకా నా గొంతు నాకే వినపడేది కాదు. కింద గల్లీలో మాత్రం ఆటోలు, బేరాలు, పిల్లల్ని పిలిచే తల్లుల కేకలు. అందులో ఒక్క కేకా నా కోసం కాదు. దానికి నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చేది.

ఆ గదిలో ఉండలేకే ఆదివారం పొద్దున్నే చేపల వంకతో మీరాలం చెరువుకు వెళ్లడం మొదలుపెట్టాను. చెరువు చేప మట్టి వాసనని మూతి విరవడం మా వైపు వాళ్లకు అలవాటు. నేనూ విరిచాను, విరుస్తూనే కొన్నాను. గట్టు మీద అమ్మే ఆమెకు యాభై దాటి ఉంటాయి. ఆమె భర్త తెప్ప మీద నిలబడి వెళ్లి వలలు తీసి తెచ్చేవాడు. తెప్పంటే మరేం కాదు, థర్మోకోల్ దిమ్మలు గోనెసంచుల్లో కుట్టి నైలాన్ తాడుతో బిగించింది. వెదురుగడ చివర చెక్క కొడితే అదే తెడ్డు. వలల పని అయ్యాక తెప్ప ఒడ్డున ఖాళీగా ఉండేది.

"ఏం జూస్తున్నవ్ బిడ్డా, ఎక్కుతవా?" అంది ఒకరోజు.

"మాది గోదావరమ్మా, నాకు పడవలు కొత్తా?" అన్నాను బడాయిగా. పడవలో లాగే ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కి వేసి నిలబడ్డాను. రెండు తోపులు తోశానో లేదో, చీరతో సహా మోకాటి లోతు నీళ్లలో కూర్చుని ఉన్నాను.

"నీ గోదారి ఏమాయె?" అని ఆమె పగలబడి నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. మళ్లీ ఎక్కాను.

నాలుగైదు ఆదివారాలకు కాళ్లు పక్కపక్కన ఆన్చి, మోకాళ్లు కాస్త వదులు చేసి నిలబడడం పట్టుబడింది. ఆ సుఖం ఎలా చెప్పను! కూర్చుంటే చెరువు చెరువులాగే ఉంటుంది. నిలబడితే మాత్రం నీళ్ల మీద నడిచి వెళుతున్నట్టే. తెడ్డు కుడివైపు రెండుసార్లు, ఎడమవైపు రెండుసార్లు. అరికాళ్ల కింద నీరు కదలడం తెలిసేది. ఎండ ముదరక ముందు గాలి చల్లగా ఉండేది, అవతలి జూలోంచి సింహం గర్జన వినపడేది. పిక్కలు లాగేవి. నీళ్ల వాసన ఏమంత గొప్పగా ఉండేది కాదు. అయినా వేసవంతా ఆ గంట కోసమే బతికాను.

అక్కడి వాళ్లకొక పద్ధతి ఉంది. ఎవరైనా నీళ్ల మీదికి వెళితే, వాళ్లు తిరిగొచ్చేదాకా గట్టు మీద ఒకరు ఉండాలి. మధ్యమధ్య "ఓ..." అని కేకేయాలి. నీళ్ల మీది మనిషి "ఓ" అనాలి. పేరు మాత్రం పిలవకూడదు, పిలిస్తే నీళ్లు వింటాయట. ఇదంతా అప్పటికి నాకెవరూ చెప్పలేదు. నాకు తెలిసిన పద్ధతి వేరు. కనపడని మనిషి పిలిస్తే మూడోసారికి గానీ పలకొద్దని, దయ్యం మూడోసారి పిలవదని మా నాయనమ్మ నూరిపోసింది.

ఒక పొద్దున మొదటిసారి జమ్ముగడ్డి వెనక్కి వెళ్లి ఉండగా కేక వినపడింది. అలవాటుగా ఊరుకున్నాను. రెండో కేక. ఊరుకున్నాను. మూడోదానికి బదులు దభీమని నీళ్ల చప్పుడు. జమ్ము తప్పించుకుని చూస్తే ఆమె రొమ్ము లోతు నీళ్లలో వగరుస్తూ వస్తోంది.

"పిలిస్తే పలకవేంది? నోట్లె ఏం వెట్టుకున్నవ్?"

"మూడోసారి పిలుస్తారు కదాని..."

"మూడోసారి దాంక ఆగుతర? మునిగినవేమో అని నా పానం పోయింది గదనే!"

తిట్లు ఒడ్డు చేరేదాకా ఆగలేదు. నేను నవ్వబోయి ఏడ్చేశాను. నేను పలకలేదని కంగారు పడే మనిషి ఈ ఊళ్లో ఒకరున్నారు. ఆ తర్వాత ఆ కేక కోసమే వెళ్లేదాన్ని. కావాలనే తెప్పను జమ్ము వెనక్కి తిప్పేదాన్ని.

అలా ఎన్నో వేసవులు గడిచాయి. ఆమె పేరు నేను అడగలేదు, నా పేరు ఆమె అడగలేదు.

రెండు వేల సంవత్సరం దాటాక ఒక మే నెలలో నాకు ఆటలమ్మ పోసింది. కింద ఉండే ఇంటివాళ్లు తలుపుకు వేపమండ కట్టి, గడప బయట పాలు పెట్టి వెళ్లిపోయేవారు. రెండు ఆదివారాలు చెరువుకు పోలేదు. ఇక్కడ చచ్చిపోతే వాసన వచ్చాకే తెలుస్తుందనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

మూడో ఆదివారం మధ్యాహ్నం, ఆటోల హారన్ల మధ్య కింద గల్లీలోంచి వినపడింది. "ఓ..."

"ఓ" అన్నాను. నా గొంతు తలుపు కూడా దాటలేదు. మళ్లీ వినపడింది, ఈసారి దూరంగా, గల్లీ చివరి నుంచి. వెళ్లిపోతోంది. గోడ పట్టుకుని లేచి, కిటికీ ఊచలు పట్టుకుని, ఉన్న బలమంతా కూడదీసి అరిచాను.

కాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడు. వేపమండ చూసి కూడా ఆగకుండా లోపలికి వచ్చింది. ఎండకు మొహం కమిలిపోయింది.

"ఎప్పుడో శాలిబండ అన్నవు, గా మాటొక్కటే యాదికుండె. ఎవర్నడిగినా పేరేందంటరు. నాకేం ఎర్క? పొద్దుగాల్నుంచి గల్లీ గల్లీ తిరుక్కుంట 'ఓ' అని ఒర్రుతనే ఉన్న. పిచ్చిదనుకున్నరు."

"నా పేరు..." అని మొదలుపెట్టాను.

చేత్తో నా నోరు మూసింది. "ఇప్పుడొద్దు. నువ్వింకా ఒడ్డుకు రాలే" అని, గడప లోపల గోడకు చేరగిలబడి కూర్చుంది.