ఇద్దరు పట్టే దోనె

మొన్న ఆదివారం మా మనవరాలు సూరత్ అడాజన్‌లోని మా ఫ్లాటు బాల్కనీలోకి వచ్చి, నా చేతిలోని పేపరు లాగి పక్కన పెట్టి, తన ఫోను నా ముక్కుకు ఆనించి, స్నేహితులంతా కలిసి ఒక దోనె కొంటున్నారనీ అందులో నా ఓటు కూడా కావాలనీ అంది. దోనె అనే మాట దానికి తెలియదు లెండి, అది అన్నది కనూ అని. తెర మీద వరసగా బొమ్మలు. ప్లాస్టిక్‌ది, అల్యూమినియంది, ఫైబరుది, కర్రది. అడుగు బల్లపరుపుగా ఉన్నది, గుండ్రంగా ఉన్నది. ఇక రంగులైతే మా మార్కెట్‌లో చీరలకు కూడా అన్ని లేవు. "తాతా, జల్దీ చెప్పు, పీళో కే లీలో?" అని తొందరపెట్టింది. పసుపా, ఆకుపచ్చా అని దాని ప్రశ్న. దాని మాట తెలుగులో మొదలై గుజరాతీలో ముగుస్తుంది, సరిహద్దు ఎక్కడ దాటిందో దానికే తెలియదు. కళ్ళజోడు కనబడడం లేదని చెప్పి తప్పించుకున్నాను. కళ్ళజోడు ముక్కు మీదే ఉందని అది గమనించి కూడా ఊరుకుంది, మంచి పిల్ల.

పడవను ఇలా బట్టల కొట్లో చీరను చూసినట్టు చూసి ఎంచుకోవడం అంతకుముందు ఒక్కసారే చూశాను. మన వయసువాళ్ళకు ఆ రోజులను నేను కొత్తగా గుర్తు చెయ్యనక్కరలేదు. ముక్కూ మూతీ మూసుకుని, తలుపు గడియ మోచేత్తో తీసి, వంకాయలకు సబ్బుతో స్నానం చేయించి, దగ్గినవాణ్ణి జేబుదొంగను చూసినట్టు చూసిన రోజులు. సూరత్‌లో మగ్గాలు ఆగిపోయాయి. ఆ టకటకలోనే పుట్టి పెరిగిన మా మనుషులకు ఆ నిశ్శబ్దంలో నిద్ర పట్టేది కాదు.

మా బావ, అంటే మా అక్క భర్త, నదికి అవతల డిండోలిలో ఉండేవాడు. కరీంనగర్ వైపు పల్లె నుంచి కుర్రతనంలో వచ్చి, మగ్గాల షెడ్డులోనే ముసలివాడయ్యాడు. ఆ చప్పుడుకు చెవులు సగం పోయాయి కనుక ఏది చెప్పినా అరిచి చెప్పేవాడు, ఆఖరికి రహస్యాలు కూడా. కాబట్టి ఆయన చివరి కోరిక వీధి వీధంతటికీ తెలుసు. చచ్చాక తన బొక్కలు, అంటే అస్థికలు, తాపీ నదిలో ఒడ్డున కాకుండా నడిమధ్యన కలపాలి. మావాళ్ళకు ఏ నదైనా గంగే. "ఒడ్డుకు అంత జనం, అంత లొల్లి. నడిమిట్ల జర సల్లగుంటది, సప్పుడుండది" అనేవాడు. తానే తీసుకుపోయి కలుపుతానని అక్క ఆయన చేతిలో చెయ్యి వేసి చెప్పింది.

రెండో ఏడు వేసవిలో ఇద్దరికీ జ్వరం వచ్చింది. అక్క ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చింది, బావ రాలేదు. అప్పట్లో ఇంతకంటే ఎక్కువ మాటలు ఎవరూ వాడలేదు, ఇప్పుడు నేనూ వాడను. పిల్లలు లేరు కనుక కర్మ బావ తమ్ముళ్ళ మీద పడింది. ఇద్దరూ అక్కకు మరుదులే కాబట్టి పెద్ద మరిది, చిన్న మరిది అనే అంటాను. వాళ్ళ లెక్క ప్రకారం జ్వరాన్ని కూరగాయల బండి దగ్గరినుంచి ఇంటికి తెచ్చింది అక్క. అది మొదటి తప్పు. తెచ్చినామె బతకడం రెండో తప్పు. ఈ మాట ఆమె ముఖాన ఎప్పుడూ అనలేదు. ముఖాన అనాలంటే దగ్గరికి రావాలి కదా. ఆమెకు నయమై చాలా రోజులైంది, డాక్టరే ఇంటికి పొమ్మన్నాడు. అయినా వాకిట్లో ఆమె కూర్చుని లేచిన కుర్చీని చిన్న మరిది కాలితో తన్ని ఎండలో పడేసేవాడు.

ఒకనాటి పొద్దున్న మేం నలుగురం నది మెట్లు దిగాం. ఎర్రగుడ్డ కట్టిన ముంత అక్క చేతుల్లో ఉంది. జనం రాకుండా ముందువైపు కర్రలు అడ్డం కట్టారు. పడవల కాకా మమ్మల్ని పక్క సందులోంచి రానిచ్చి, ఒక్క పడవే విప్పుతాననీ, రెండు కనబడితే పోలీసులు తన తోలు తీస్తారనీ ముందే చెప్పాడు. ఒడ్డున మూడు కట్టి ఉన్నాయి. ఒకటి పాత కర్ర పడవ, తెల్లరంగు పెచ్చులూడింది, అడుగు బల్లపరుపు. మేం నలుగురం ఎక్కి కాళ్ళు చాపుకున్నా కాకా తెడ్డు వెయ్యడానికి చోటు మిగిలేది. రెండోది రేకుది, ఎర్రటిది, అంతే వెడల్పు. మూడోది పసుపుపచ్చ ఫైబరు దోనె, దోసకాయలా సన్నగా, అడుగు గుండ్రంగా. అందులో ఇద్దరే పడతారు, తెడ్డు కూడా వాళ్ళే వేసుకోవాలి. గుజరాతీలో పడవను హోడీ అంటారు. మన చెవికి అది ఓడి అన్నట్టే వినబడుతుంది. ఎవరు ఓడారో తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"లకడీవాలీ లేలో భాయ్, సబ్ బైఠ్ జాయేంగే" అన్నాడు కాకా, కర్రదైతే అందరూ కూర్చోవచ్చని. పెద్ద మరిది కర్ర పడవ అంచును బొటనవేలితో రాసి, గుడ్డ పోగు చూసినట్టు చూసి, పెదవి విరిచాడు. "కర్ర పీలుస్తది బావా" అన్నాడు నాతో. వాళ్ళకు నేను బావ వరస. "రోగం లోపటికి దిగుతది. కడిగినా పోదు." ఫోనులో వచ్చిందట, కర్ర మీద ఇన్ని గంటలు, రేకు మీద ఇన్ని గంటలు అని. రేకుదాన్ని చిన్న మరిది రంగు చూసే తోసేశాడు. "ఎర్రదా? సావుకు పోతున్నమా, పెండ్లికి పోతున్నమా?" పసుపు పెళ్ళికి పనికిరాని రంగని నాకు అప్పటిదాకా తెలియదు. మిగిలింది ఫైబరుది. గుడ్డ పెట్టి తుడిస్తే అంతా పోతుంది, రంగూ గట్టిదే, వెలిసిపోదు. గుండ్రటి అడుగు దొర్లుతుందనీ, అలవాటు లేనివాళ్ళు ఎక్కొద్దనీ కాకా మొత్తుకున్నాడు. పడవ ఎక్కడం ఏముంది, కూర్చోవడమే కదా అన్నారు.

అన్నీ బాగున్నాయి గానీ అక్క ఎక్కడ కూర్చుంటుందని అడిగాను.

"ఇద్దరికే ఉన్నది కద బావా, మేమేం చేస్తం?" అన్నాడు పెద్ద మరిది, ఆ దోనెను తాను ఎంచనట్టు, దాని పుట్టుకలోనే అలా రాసి ఉన్నట్టు. నేను కర్ర పడవకే ఓటు వేశాను, నేను ఒడ్డునే ఉండిపోతానని కూడా అన్నాను. కర్మ చేసేవాళ్ళు వాళ్ళు, కాకా వినేది వాళ్ళ మాట, వాళ్ళు ఇద్దరు, నేను ఒకణ్ణి, బి.కామ్ చదివాను, ఆ పాటి లెక్క వచ్చు.

అప్పుడు అక్క అంది. "నేను పడవ ఆఖరుకు కూసుంట. మొఖం అటు తిప్పుకుంట. నడిమిట్ల దాక పోయి సూస్తే సాలు."

"ముంత ఆడ పెట్టు వదినె" అన్నాడు చిన్న మరిది. "పెట్టి జర ఎనుకకు జరుగు. ఇంక. ఇంక జర."

ఆమె ముంతను మెట్టు మీద పెట్టి వెనక్కి నడిచింది. అతను జేబులోంచి సీసా తీసి ముంత చుట్టూ, మీద, కట్టిన గుడ్డ మీద సానిటైజరు కొట్టాడు, సందు వదలకుండా. చితిలో కాలి వచ్చిన మనిషి దగ్గర ఇంకా ఏదో మిగిలి ఉంటుందని అనుమానం. "ఆయినకు గా వాసన పడది" అంది అక్క, ఎవరితోనో చెప్పినట్టు కాదు, ఊరికే.

అన్నదమ్ములు దోనె ఎక్కారు. జీవితంలో నీళ్ళను బకెట్లో తప్ప చూడని మనుషులు, ఇద్దరూ ఒకే వైపు తెడ్డు వేశారు. దోనె తన అడుగు ఎలాంటిదో వెంటనే చెప్పింది. మెట్ల నుంచి ఒక చీర పొడవు దూరం పోయారో లేదో, చిన్న మరిది కేక వేసి అన్న భుజం పట్టుకున్నాడు, పెద్ద మరిది "ముట్టకురా!" అని అరిచాడు, ఒడిలో ఉన్న ముంత రెండు చేతులతో ఎత్తి, విప్పకుండానే, అక్కడే నీళ్ళలోకి విసిరేశాడు. ముంత దోనె అంచుకు తగిలి పగిలింది, దోనె బోర్లా పడింది. ఇద్దరూ సగం ఈదుతూ సగం పాకుతూ ఒడ్డున పడ్డారు. కర్మ తర్వాత స్నానం కూడా విడిగా చెయ్యనక్కరలేకపోయింది.

"నడిమిట్ల కలుపుతనని మాటిచ్చిన ఆయినకు" అంది అక్క.

"గంగంత ఒక్కటే వదినె" అన్నాడు పెద్ద మరిది బట్టలు పిండుకుంటూ. "నడుమేంది, ఒడ్డేంది?"

నీళ్ళ మీద బూడిద ఒక పొరలా తేలి, మెల్లగా మెట్ల వైపే తిరిగి వచ్చింది. అక్క మోకాళ్ళ లోతుకు దిగి, అరచేతులతో నీళ్ళను అవతలికి తోయడం మొదలుపెట్టింది. "పో, నడిమిట్లకు పో. ఈడ లొల్లి" అంటూ. పైనుంచి చిన్న మరిది ఆ నీళ్ళు ముట్టొద్దని అరుస్తూనే ఉన్నాడు. నేనూ చెప్పులు విడిచి దిగి పక్కన నిలబడి తోశాను. నీళ్ళను తోయడం ఎంత పనికిమాలిన పనో మీకూ తెలుసు. ఎంత తోస్తే అంత వచ్చేవి. కాసేపటికి ఏది బూడిదో ఏది నురుగో తెలియకుండా పోయింది, అప్పుడు పైకి వచ్చాం.

ఇప్పుడు ఆ మరుదులు పండగలకు అక్క ఇంటికే వచ్చి భోంచేస్తారు. ఆమె తాగిన చెంబుతోనే నీళ్ళు తాగుతారు, ఆమె కుర్చీలో కూర్చుంటారు, పొలమారితే హాయిగా, అడ్డం ఏమీ పెట్టుకోకుండా దగ్గుతారు. దిక్కులేని చావుల కాలంలో అన్నను నడిగంగ దాకా ఎలా తీసుకుపోయారో పెద్ద మరిది కొత్తవాళ్ళకు చెబుతాడు. పడవ రంగు మాత్రం సరిగ్గానే చెబుతాడు. అక్క అన్నం వడ్డిస్తూ ఉంటుంది, దిద్దదు. భయం మనుషులను అలా చేసింది గానీ వాళ్ళు చెడ్డవాళ్ళు కారని మనవాళ్ళంతా అంటున్నారు, అయ్యుండొచ్చు. మన కాలంలో కోపాలు తరాల తరబడి నిలిచేవి. ఇప్పుడు ఎవరికీ అంత తీరిక లేదు, అందరూ మరిచిపోయారు, అది మంచికే కావచ్చు.

అప్పుడప్పుడు అక్కను డిండోలి నుంచి మా ఇంటికి బస్సులో తీసుకొస్తాను. వంతెన మీద నది నడుమకు రాగానే బస్సులో ముసలివాళ్ళంతా చేతులు జోడిస్తారు, కిటికీ దగ్గర ఉన్నవాళ్ళు పైసలు కూడా వేస్తారు. అక్క అప్పటికే దండం పెట్టేసి చేతులు దించేసి ఉంటుంది. ఆమె దండం బస్సు ఇంకా ఒడ్డు దాటక ముందే అయిపోతుంది.