బిరాగో ముగ్గురు కూతుళ్ళు

న్యార్కోక్రోం ఊళ్ళో అబెనా డుఫియేకి రెండు పనులు. ఒకటి పామాయిల్ గెలలు ఉడకబెట్టి, దంచి, నూనె తీయడం. రెండోది ఊరు పుట్టిన కథ, ఎవరి కడుపున ఎవరు పుట్టారో ఆ వరస గుర్తుపెట్టుకోవడం. రెండూ తల్లి దగ్గరే నేర్చుకుంది. తల్లి దంచుతూ ఒక పేరు చెబితే డుఫియే తర్వాతి పేరు అందుకోవాలి. తప్పితే రోకలి అందుకుని తనే దంచాలి. పెళ్ళయి పొరుగూరు వెళ్ళినా, ఊరి పీఠం మీది పెద్ద పోయి, కొత్త పెద్దని ఎంచే సభ పెట్టినప్పుడల్లా కబురొచ్చేది. నాలుగుసార్లు వచ్చి పేర్లు చెప్పి వెళ్ళింది. భర్త పోయాక పూర్తిగా వచ్చేసింది.

అయిదోసారి మాత్రం గొడవ ఆమె ఇంట్లోకే వచ్చింది.

పీఠానికి పోటీ ఇద్దరు. ఒకరు బడిపంతులు బాఫో. రెండోవాడు ఒపుని, డుఫియే చెల్లెలి కొడుకు. చెల్లెలు పోతే పెంచింది డుఫియేనే. ఇప్పుడు కుమాసీ పట్నంలో లారీ సామాన్ల దుకాణం పెట్టాడు. ఊరు కట్టిన వేటగాడు న్యార్కో. ఆయన అక్క బిరాగో. ఆమె నుంచి తల్లుల వరసలో దిగిన రక్తానికే పీఠం. బిరాగోకి ముగ్గురు కూతుళ్ళు, సెవా, పొమా, అఫ్రాకోమా. బాఫోది సెవా ఇల్లు, ఒపునిది అఫ్రాకోమా ఇల్లు. ఇద్దరిలో ఎవరన్నది ఆ వంశపు ఆడపెద్ద, రాణీమాత తేలుస్తుంది.

మంగళవారం సభ అనగా ఆదివారమే ఒపుని దిగాడు. బిరాగో కూతుళ్ళు ముగ్గురిలో ఒకతె కన్నబిడ్డ కాదు, బానిసల సంతలో కొన్న పిల్ల అని ఎక్కడో విన్నాడట. అది సెవాయేనని అతని లెక్క. బాఫో అమ్మమ్మ చెంపల మీద గాట్లుండేవి, ఉత్తరాన్నుంచి తెచ్చి అమ్మిన వాళ్ళకే అలా ఉంటాయి అన్నాడు. డుఫియేకి నవ్వొచ్చింది. వరసగా పిల్లలు పోయిన తల్లికి మళ్ళీ బిడ్డ పుడితే, చావు కంటికి ఆనకుండా ఈ ఊళ్ళోనే పెట్టే గాట్లవి. ఆ సంగతి చెప్పినా అతను వినలేదు.

సభలో పోటీదారు ప్రమాణం చేసి అడిగితే, వరస చెప్పే మనిషి దాచకూడదు. అలా అడగనప్పుడు ఎవరి పుట్టుక గురించైనా నోరెత్తడమే నేరం, నిజమైనా సరే. కూతురన్నాక కూతురే అని న్యార్కో పెట్టిన కట్టడి అది.

నిజానికి కొన్నది అఫ్రాకోమాని. డుఫియేకి తల్లి ఆ మాట ఒక్కసారే, రోకలి పక్కన పెట్టి చెప్పింది. ఒపుని అడిగాడంటే సొంత ఇల్లే పీఠానికి దూరమవుతుంది, అతనొక్కడికే కాదు, పుట్టబోయే వాళ్ళకు కూడా. ఎందుకు అడగొద్దో చెప్పడమూ నేరమే.

"అడుగుతాను పెద్దమ్మా. నువ్వు ఉన్నది చెప్పు చాలు," అన్నాడు ఒపుని.

"అడిగితే చెప్తాను. నా నోట అబద్ధం రాదు. కానీ ఒరేయ్, నాలుగు సభలు చూశాను, ఒక్కడూ ఇది అడగలేదు. వాళ్ళంతా నీకంటే తెలివితక్కువ వాళ్ళా?"

"పంతులు నీకేమైనా పలకా బలపం కొనిచ్చాడా, అటు మాట్లాడుతున్నావు?"

"కొనిచ్చుంటే నీకే ఇచ్చేదాన్ని. చిన్నప్పుడు సరిగ్గా దిద్దలేదుగా."

అతను ముఖం ముడుచుకుని వెళ్ళిపోయాడు.

మంగళవారం డుఫియే న్యార్కో వేట దగ్గర మొదలుపెట్టి, ముగ్గురు కూతుళ్ళ మీదుగా ఇవాళ్టి పసిపిల్లల దాకా పేర్లన్నీ చెప్పి కూర్చుంది. ప్రమాణం చేసి అడిగేవాళ్ళున్నారా అన్నారు పెద్దలు. ఒపుని లేచాడు.

డుఫియే కూడా లేచింది. జవాబు చెప్పే మనిషి ప్రశ్న రాకముందే లేవడం ఎవరూ చూడలేదు. అడిగితే చెప్పి తీరుతుందని ఒపునికి అర్థమైంది. బాఫో మనుషుల వైపు పోతుందనుకున్న ఆమె చూపు అటు పోలేదు. తమ ఇంటి ఆడపిల్లలు ఒకరినొకరు ఆనుకుని కూర్చున్న వైపు పోయి, అక్కడే ఆగింది. ఒపుని ఆ పిల్లల్ని చూశాడు, పెద్దమ్మని చూశాడు.

"అడిగేదేం లేదు," అన్నాడు చివరికి. "ముగ్గురూ బిరాగో కూతుళ్ళే."

డుఫియే కూర్చుంది. రాణీమాత బాఫో పేరు చెప్పింది.

ఆ వారమే బాఫోని చేతుల మీద ఎత్తి పట్టుకుని, పీఠానికి మూడుసార్లు తాకించి పెద్దని చేశారు. పట్టుకున్న చేతుల్లో ఒపునివీ ఉన్నాయి. అతని హక్కది, బిరాగో ఇంటివాడు గనక.