ఏడో నంబరు ఫ్రీజర్

ఐసు బాబాయ్‌కి ఎక్కడ చూసినా మంచు కట్టినట్టే కనిపించేది. అదొక్కటే ఆయన జబ్బు. మిగతా అన్నింట్లో మనలాంటి మనిషే. మనలో చాలామందిమి పైవాళ్లకి ఐసు పెట్టి బతుకుతాం, ఆయన ఇరవై రెండేళ్లుగా ఐసు తీసి బతుకుతున్నాడు. అందుకే ఆ పేరు. అసలు పేరు హాజరుపట్టీలో ఉండే ఉంటుంది గానీ, చూసే ఓపిక ఎవరికీ లేదు.

ఆ సూపర్‌మార్కెట్లో ఫ్రీజర్లు ఆరు. ఒకటి, రెండు, మూడు పైకి మూత లేపే పాత పెట్టెలు. నాలుగు, అయిదు, ఆరు అద్దాల తలుపులున్న కొత్త బీరువాలు. ఆరింటికీ బాబాయే తల్లి, తండ్రి, ఆపైన పోలీసు. పొద్దున్నే టార్చిలైటు పట్టుకుని మూలమూలా వెతికేవాడు. పళ్లు తోముకునే పాత బ్రష్షుతో వాటి వెనకాల దుమ్ము తోమేవాడు. తలుపు సందులో కాగితం ముక్క పెట్టి, మూసి, లాగేవాడు. కాగితం బిగుసుకుంటే రబ్బరు బాగున్నట్టు. సులువుగా జారి వచ్చిందా, చల్లదనమంతా కారిపోతున్నట్టే. ఇక రబ్బరు మార్చేదాకా మనిషికి అన్నం సయించదు. ఇంట్లో వంటగది తలుపుకీ, బట్టల బీరువాకీ కూడా ఇదే పరీక్ష. "కాగితం పెట్టి లాగి చూడకుండా నన్నెలా చేసుకున్నారో మరి!" అనేది ఆయన భార్య.

కొనడానికొచ్చినవాళ్లకీ తప్పేది కాదు. ఒకావిడ అయిదో నంబరు తలుపు బార్లా తెరిచిపెట్టి, బఠాణీలా మొక్కజొన్నా అని తీరిగ్గా ఆలోచిస్తుంటే బాబాయ్ పక్కన ప్రత్యక్షమయ్యాడు.

"అమ్మా, ముందు అద్దంలోంచి చూసి ఖాయం చేసుకోండి. తర్వాత తలుపు తీయండి."

"కొనేది నేనా, మీరా?"

"కొనేది మీరే తల్లీ. చల్లదనం నాది."

కూరగాయల విభాగం కుర్రాడు ఓసారి సాయం చేద్దామని కత్తి పుచ్చుకుని రెండో నంబరులో మంచు గీకబోయాడు. బాబాయ్ వేసిన కేకకి అటువైపు వరసలో సబ్బులు నాలుగు కింద పడ్డాయి.

"కత్తి పెడితే మంచూ పోతుంది, మెషీనూ పోతుందిరా! స్విచ్చి తీసి, తలుపు తెరిచి, వేణ్ణీళ్ల గిన్నె లోపల పెట్టి, నోరు మూసుకుని పక్కన కూర్చో. అదే దిగుతుంది."

ఇంత వైభవం సాగుతున్న చోటికి కొత్తగా మేనేజరమ్మ వచ్చింది. వచ్చి మూడు వారాలు. అప్పుడే బాబాయ్‌ని చూస్తే ఆమెకి తల తిరిగేది. పొద్దున హాజరు వేళ అందరూ వరసలో నిలబడితే, ఆయన టార్చి పట్టుకుని ఫ్రీజర్లకి బదులు మనుషుల మొహాలు చూసుకుంటూ నడిచేవాడు. ఉన్నట్టుండి ఆగేవాడు.

"మేడమ్, నాలుగో నంబరు మంచు కట్టింది. దించాలి. ఈ అమ్మాయీ, ఈ పెద్దాయనా నాతో రావాలి. ఒక గంట."

బిల్లింగు అమ్మాయీ, గుమ్మం దగ్గర కాపలా ఉండే పెద్దాయనా తలలు వంచుకుని ఆయన వెంట, ఫ్రీజర్ల మోటార్లుండే మెషీన్ల గదిలోకి వెళ్లేవాళ్లు. తలుపుకి బోర్డు వేలాడేది: 'మంచు దించుచున్నాము. తలుపు తీయరాదు.' సోమవారం నాలుగో నంబరు. బుధవారం మళ్లీ నాలుగో నంబరే. శుక్రవారం అయిదూ ఆరూ కలిసి. ఇదేం మంచు బాబూ, కొండల మీదైనా ఇంత పడదే అనుకునేది మేనేజరమ్మ.

అప్పుడే పెద్దాఫీసు నుంచి హుకుం వచ్చింది. బ్రాంచికి ఒక మనిషిని తగ్గించాలి. ఎవరో శనివారం సాయంత్రంలోగా పేరు పంపాలి. మేనేజరమ్మదింకా మూడు నెలల పరీక్ష ఉద్యోగమే. పంపకపోతే తన పేరే పంపుకున్నట్టు.

బుధవారం కంపెనీ మెకానిక్కు వచ్చి ఆరు ఫ్రీజర్లూ చూశాడు.

"నాలుగో నంబరుకి మంచు ఎందుకింత కడుతోందండీ?" అని అడిగింది.

అతను నవ్వాడు. "కట్టదు మేడమ్. పాత మూడింటికే చేత్తో దించాలి, అదీ నెలకోసారి. ఈ మూడూ ఆటోమేటిక్. రోజుకి నాలుగుసార్లు వాటంతటవే దించుకుంటాయి. మనిషి వేలు కూడా పెట్టక్కర్లేదు."

"మరి వారానికి మూడుసార్లు గంటేసి..."

"అది నాకు తెలీదండీ. ఒకటి మాత్రం చెప్తాను. ఇంత శుభ్రమైన ఫ్రీజర్లు నేనింకెక్కడా చూడలేదు. కరెంటు సగం అందుకే ఆదా."

రెండో మాట ఆమె చెవికెక్కలేదు. సరిగ్గా ఆ వేళకి మెషీన్ల గది తలుపుకి బోర్డు వేలాడుతోంది. విసవిసా వెళ్లి తలుపు తోసింది.

లోపల వెచ్చగా ఉంది. చాప మీద బిల్లింగు అమ్మాయి నోరు తెరుచుకుని ఆదమరచి నిద్రపోతోంది. కాపలా పెద్దాయన కుర్చీలో కూర్చుని, పాంటు మోకాళ్లదాకా మడిచి, పాదాలు వేణ్ణీళ్ల బక్కెట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. బాబాయ్ అట్టముక్క పుచ్చుకుని మెషీను మోత ఆ అమ్మాయికి తగలకుండా అడ్డం పెడుతున్నాడు.

"తలుపండీ, తలుపు!" అన్నాడు అలవాటుగా.

"ఇదేనా మీరు మంచు దించడం?"

"అవును మేడమ్. సగం దిగింది. చంటిది పళ్లొస్తున్నాయని రాత్రుళ్లు ఏడుస్తోందట, ఈ అమ్మాయికి మూడు రోజులుగా కంటిమీద కునుకు లేదు. నిన్న పాల పాకెట్టు బదులు కొనేవాడి కళ్లజోడుకి బిల్లేసింది. పెద్దాయనేమో రోజుకి పది గంటలు నిలబడే ఉంటాడు."

"నాలుగో నంబరు అన్నారు!"

"మనిషికి మంచు కట్టిందంటే సెలవిస్తారా మేడమ్? మెషీనుకంటే గంట ఇస్తారు."

మేనేజరమ్మకి కోపం ముంచుకొచ్చింది. మోసపోయిన కోపం మరీ పెద్దది. "నన్నింత వెర్రిదాన్ని చేస్తారా!" అని అరిచి బయటికి వచ్చేసింది. అమ్మాయికి మెలకువ రాలేదు. పేరు మాత్రం ఖాయమైపోయింది.

శనివారం పొద్దుటి నుంచీ అన్నీ అడ్డం తిరిగాయి. పెద్దాఫీసు సారు ఫోన్లో అరగంట చీవాట్లు పెట్టాడు. ఇంట్లో కూతురికి జ్వరం, తెల్లవార్లూ తడిగుడ్డ వేస్తూ కూర్చుంది. టిఫిను బాక్సు బస్సులో మరిచిపోయింది. ఫోను కనపడక ఊరంతా ఏకం చేస్తే, అది పెరుగు డబ్బాల మధ్య నుంచి మోగింది. మధ్యాహ్నం మూడింటికి కంప్యూటరు ముందు కూర్చుని ఐసు బాబాయ్ అసలు పేరు టైపు చేసింది. ఆ పేరు చూడడం ఆమెకీ అదే మొదటిసారి. పంపడానికి ఒక్క మీట నొక్కితే చాలు. వేలు పెట్టింది గానీ, ఎందుకో నొక్కలేకపోయింది.

గుమ్మంలో టార్చి వెలిగింది. బాబాయ్ ఆమె మొహంలోకి ఎగాదిగా చూశాడు.

"మేడమ్, ఏడో నంబరు మంచు కట్టింది."

"మనకున్నవి ఆరేగా?"

"అందుకే అర్జెంటు. మీరే రావాలి."

తిట్టడానికి నోరు తెరిచింది. ఈలోగా కళ్లు చెమర్చాయి. ఏమనుకుందో ఏమో, లేచి ఆయన వెనకే నడిచింది. బోర్డు వేలాడింది. వేణ్ణీళ్లు సిద్ధంగా ఉన్నాయి. బిల్లింగు అమ్మాయి టీ గ్లాసు చేతికిచ్చి, "కాళ్లు పెట్టండి మేడమ్, మొదట చురుక్కుమంటుంది, తర్వాత స్వర్గమే," అని వెళ్లిపోయింది. బక్కెట్లో కాళ్లు పెట్టడం వరకే మేనేజరమ్మకి గుర్తుంది.

మెలకువ వచ్చేసరికి గంటన్నర. షాపు మునిగిపోలేదు సరికదా, కూతురికి జ్వరం తగ్గిందని ఇంటినుంచి కబురు కూడా వచ్చి ఉంది. బాబాయ్ గోడవారన స్టూలు మీద కూర్చుని బ్రష్షు కడుగుతున్నాడు.

"బాబాయ్, నేను ఎవరి పేరు పంపబోతున్నానో మీకు తెలుసా?"

"తెలుసు మేడమ్. మీరు ఫోన్లో సారుతో అంటుంటే పెద్దాయన విన్నాడట."

"తెలిసి నన్నెందుకు పిలిచారు?"

బాబాయ్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "షాకు కొట్టిందని ఫ్రీజర్‌కి మంచు దించకుండా వదిలేస్తామా మేడమ్?"

మేనేజరమ్మ పకపకా నవ్వింది. ఆ బ్రాంచికి వచ్చాక నవ్వడం అదే మొదలు. వెళ్లి ఆ పేరు కొట్టేసి ఇలా రాసి పంపింది: 'ఈ బ్రాంచిలో మంచు చాలా ఎక్కువ. ఒక్క మనిషినీ తగ్గించడం కుదరదు. కరెంటు వాడకం అన్ని బ్రాంచీల కంటే ఇక్కడే తక్కువ. నమ్మకం లేకపోతే వచ్చి చూసుకోండి.'

సారు నమ్మలేదు. సోమవారమే దిగాడు. మొహం కందగడ్డలా ఉంది. రెండు ఫోన్లు రెండు చెవులకీ పెట్టుకుని ఇద్దరినీ ఒకేసారి తిడుతున్నాడు.

"ఏదీ, ఎక్కడమ్మా మంచు? ఈ వేళ నీ ఉద్యోగమో ఆయన ఉద్యోగమో తేల్చేస్తాను!"

మేనేజరమ్మ బాబాయ్ వైపు చూసింది. బాబాయ్ టార్చి తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె సారు మొహం మీదికి వెలుగు తిప్పింది.

"సార్, ఎనిమిదో నంబరు బాగా గడ్డకట్టింది. తమరే స్వయంగా వచ్చి చూడాలి."

ఇరవై నిమిషాలు గడిచాయి. మెషీన్ల గది బయట అందరూ గుడ్లప్పగించి నిలబడ్డారు. లోపలి నుంచి కేకలు రాలేదు. మేనేజరమ్మ తలుపు ఓరగా తీసి తొంగి చూసింది. సారు టై వదులైంది. పాదాలు బక్కెట్లో ఉన్నాయి. తల కుర్చీ వెనక్కి వాలిపోయి ఉంది. రెండు ఫోన్లూ మూలనున్న మెషీను మీద బోర్లా పడుకున్నాయి, వాటినక్కడికి ఎవరు చేర్చారో బాబాయ్‌కే తెలియాలి. ఆమె చప్పుడు కాకుండా తలుపు మూసింది.

బాబాయ్ జేబులోంచి కాగితం ముక్క తీసి, తలుపు సందులో పెట్టి లాగాడు. రాలేదు.

"రబ్బరు భేషుగ్గా ఉంది మేడమ్," అన్నాడు గుసగుసగా. "గురక బొట్టు కూడా బయటికి కారట్లేదు."