తద్దినం నాడు పుట్టినరోజు

మా అనాథాశ్రమానికి భోజనాలు తెచ్చేవాళ్లలో ఎక్కువమంది పుట్టినరోజులకే వస్తారు. అందుకే ఎవరొచ్చినా మా పిల్లలు వరసగా నిలబడి ఒకే గొంతుతో శుభాకాంక్షలు చెప్పేస్తారు. ఈ రోజు ఆ అలవాటే నా పరువు తీసింది.

మధ్యాహ్నం మొగల్తూరు నుంచి ఒక పెద్దాయన గారెలు, పులిహోర, పాయసం తీసుకొచ్చారు. వాళ్ల అమ్మగారి తద్దినం. దండ వేసిన ఫొటోను బల్ల మీద పెట్టారో లేదో, నేను నోరు తెరిచేలోపే పిల్లలంతా "పుట్టినరోజు శుభాకాంక్షలు మామ్మగారూ!" అని అరిచేశారు.

నాకు తల కొట్టేసినట్టయింది. "ఏమీ అనుకోకండి, చిన్నపిల్లలు" అన్నాను.

"పర్లేదండి. మా అమ్మ ఏ రోజున పుట్టిందో ఎవరికీ తెలీదండి. బతికున్నప్పుడు ఈ మాట ఒక్కసారి కూడా వినలేదు" అన్నారాయన.

ముందు వరసలోంచి మా చిన్న దుర్గ అందుకుంది. "తెలీకపోతే ఇక్కడికొచ్చిన రోజే పుట్టినరోజండి. నాదీ అంతేనండి."

అది మా ఆశ్రమం పద్ధతే. పెట్టింది నేనే. కానీ అది ఫొటోలో వచ్చినవాళ్లకు కూడా వర్తిస్తుందని నాకెప్పుడూ తోచలేదు.

ఆయన ఫొటోను దుర్గ చేతికిచ్చి, "మళ్ళీ ఒకసారి చెప్పండర్రా" అన్నారు. ఈసారి ఆయనా గొంతు కలిపారు.

వచ్చే తద్దినానికి కేకు కూడా తెస్తారట. తద్దినం నాడు కేకు కొయ్యొచ్చా అని మా వంటావిడ అప్పట్నుంచీ నన్ను వేధిస్తోంది. శాస్త్రం తెలిసినవాళ్లెవరైనా చెప్పండి. కొయ్యకూడదనేవాళ్లు మాత్రం ఆ మాట వచ్చి దుర్గకే చెప్పుకోండి.